బాస్కం గుట్ట మీద ఎండకాలం బడి

విస్కాన్సిన్ రాష్ట్రంలో అరవై దాటినవాళ్ళెవరైనా మాడిసన్ విశ్వవిద్యాలయంలో ఫీజు కట్టకుండా క్లాసుకు వెళ్ళి కూర్చోవచ్చు. పాఠం చెప్పేవారు సరే అనాలి, గదిలో చోటుండాలి, అంతే. పరీక్షలుండవు, పట్టా రాదు. 1983లో ఎమ్మెస్ చదవడానికి ఇక్కడికి వచ్చిన నేను, మిల్వాకీ చుట్టుపక్కల రోడ్లూ కల్వర్టులూ కట్టి రిటైరై, ఈ ఎండకాలం మళ్ళీ అదే గుట్ట ఎక్కాను. ఈసారి ఇంజనీరింగు కోసం కాదు, అమెరికా చరిత్ర వినడానికి.

నేను వరంగల్ ఆర్ఈసీ విద్యార్థిని. 1959 అక్టోబర్ 10న నెహ్రూ వచ్చి మా కాలేజీకి పునాదిరాయి వేసిన సంగతి మాకు నోటికొచ్చు. నలభై ఏళ్ళు నాకు అన్నం పెట్టిన ఈ రాష్ట్రంలో విశ్వవిద్యాలయం ఎట్లా పుట్టిందో మాత్రం ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు మన హన్మకొండ, కాజీపేట పిల్లలు ఇటువంటి క్యాంపస్‌లకు వందల్లో వస్తున్నారు. వాళ్ళ అమ్మానాన్నల కోసమే ఇది రాస్తున్నాను.

బాస్కం గుట్ట మన పద్మాక్షి గుట్టంత నిటారు కాదుగానీ, ఈ వయసులో ఆయాసం తెప్పిస్తుంది. పైన అబ్రహాం లింకన్ కంచు విగ్రహం, 1909లో పెట్టింది. బానిసల్ని విడిపించిన మహానుభావుడు కాబట్టి పెట్టారని చదువుకునే రోజుల్లో అనుకున్నాను. అసలు సంగతి ఇంకొకటుంది. ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య యుద్ధం నడుస్తున్నప్పుడే, 1862 జులై 2న, ఆయన మోరిల్ చట్టం మీద సంతకం చేశాడు. అంతకుముందు ఆ బిల్లును బుకానన్ అనే అధ్యక్షుడు తిప్పికొట్టాడు. దక్షిణాది సభ్యులు వేరుపడి పోయాక దానికి దారి దొరికింది. కాంగ్రెసులో ఉన్న ఒక్కొక్క సభ్యుడి లెక్కన ప్రతి రాష్ట్రానికీ 30,000 ఎకరాలు. ఆ భూమి అమ్మి, వచ్చిన డబ్బును మూలధనంగా ఉంచి, దాని రాబడితో కాలేజీ నడపాలి. వ్యవసాయం, యంత్రవిద్య నేర్పాలి. కష్టం చేసుకుని బతికేవాళ్ళ పిల్లలకు పై చదువు అందాలన్నది ఉద్దేశం. విస్కాన్సిన్‌కు 2,40,000 ఎకరాలు వచ్చాయి. ఈ విశ్వవిద్యాలయం 1848 నుంచే ఉన్నా, దానికి వెన్నెముక ఇచ్చింది ఆ చట్టమే.

అదే ఏడాది మే నెలలో హోమ్‌స్టెడ్ చట్టం వచ్చింది. ఐదేళ్ళు అక్కడే ఉండి సాగు చేస్తే 160 ఎకరాలు మీవే. క్లాసులో ఈ మాట వినగానే నా ఒళ్ళు జలదరించింది. దున్నేవాడికే భూమి అన్నందుకు 1946 నుంచి 1951 దాకా మన ఊళ్ళల్లో ఎంత నెత్తురు పారిందో చెప్పుకుంటుంటే వింటూ పెరిగినవాణ్ణి. ఇక్కడ ఒక్క సంతకంతో అయిపోయిందా అనిపించింది. ఆ సంబరం రెండో వారం దాకా నిలిచింది. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు పాల కథ చెప్పాలి.

మాకు హసన్‌పర్తి దగ్గర రెండు బర్రెలుండేవి. నాయన పొద్దున్నే సైకిల్‌కు క్యాన్లు కట్టుకుని హన్మకొండలో ఒక హోటల్‌కు పాలు పోసేవాడు. హోటలాయన పాలల్లో వేలు ముంచి, గోరు మీద చుక్క ఆగుతుందో జారుతుందో చూసి, "నీళ్ళు కలిపినవ్" అని ధర కోసేవాడు. నాయన ఒక్కనాడు కూడా నీళ్ళు కలపలేదు. దానికి రుజువేదీ? తర్వాత ఊళ్ళోకి పాల కేంద్రం వచ్చింది. గాజు గొట్టంలో పాలు, యాసిడ్ పోసి తిప్పితే వెన్న పైకి తేలేది. గీత మీద ఏడు. "ఏడు ఫ్యాట్ వచ్చింది" అని ఆ రోజు నాయన ఇంటికొచ్చి చెప్పిన తీరు నాకిప్పటికీ కళ్ళముందే ఉంది.

1860ల్లో విస్కాన్సిన్ గోధుమ పండించే రాష్ట్రం. ఏటా అదే పంట వేసి వేసి నేల సారం పోయింది, పురుగు పడింది. రైతులు పాడి వైపు మళ్ళారు. పాలు కొలిచో తూచో డబ్బిచ్చేవారు కాబట్టి నీళ్ళు కలిపినవాడిదీ, మీగడ తీసినవాడిదీ, నికార్సైన వాడిదీ ఒకటే ధర. 1890లో ఇక్కడి వ్యవసాయ విభాగంలో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక పరీక్ష కనిపెట్టాడు. సీసాలో పాలు, దాదాపు అంతే గంధకామ్లం పోస్తే వెన్న తప్ప మిగతాదంతా కరిగిపోతుంది. గిర్రున తిప్పి, వేడినీళ్ళు పోస్తే వెన్న సీసా మెడలోకి ఎక్కుతుంది. మెడ మీద గీతలుంటాయి, చదువుకోవడమే. ఆయన దానికి పేటెంటు తీసుకోలేదు. మన పాల కేంద్రాల్లో చేసే గెర్బర్ పరీక్ష స్విట్జర్లాండు నుంచి వచ్చింది. పద్ధతిలో కొంచెం తేడా, సూత్రం ఒకటే. బాబ్‌కాక్ పేరు పెట్టిన భవనం పక్కనుంచి చదువుకునే రోజుల్లో వందసార్లు నడిచాను, ఐస్‌క్రీమ్ కోసం లోపలికి కూడా వెళ్ళాను. మా నాయన నిజాయితీకి సాక్ష్యం చెప్పిన గాజు గొట్టానికి అన్నలాంటిది ఇక్కడే పుట్టిందని మొన్న క్లాసులో కూర్చున్నాకే తెలిసింది. నాయన ఉంటే ఫోన్ చేసి చెప్పేవాణ్ణి.

ఈ క్యాంపస్ పెద్దవాళ్ళకు చదువు చెప్పడం నిన్న మొన్న మొదలుపెట్టలేదు. 1885లోనే పొలం పని లేని చలికాలంలో రైతులకు చిన్న కోర్సు పెట్టారు. నా పక్కన కూర్చునే పాడి రైతు వాళ్ళ తాత అందులో చదివాడట. 1903లో విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడైన వాన్ హైజ్, అది చేసే మేలు రాష్ట్రంలో ప్రతి ఇంటికీ చేరాలన్నాడు. ఇక్కడ దాన్ని విస్కాన్సిన్ ఐడియా అంటారు. 1931 నుంచి రేడియోలో బడి పాఠాలు చెప్పారు. ఈ గాలి మన వైపూ వీచింది. 1964లో హైదరాబాద్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు తోడు నిలిచింది కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ, అదీ మోరిల్ చట్టం బిడ్డే. ములుగు రోడ్డులో మన పరిశోధన కేంద్రం ముందునుంచి వెళ్ళేటప్పుడు ఈసారి గుర్తుచేసుకోండి.

ఇక రెండో వారం. ఆ ఎకరాలన్నీ ఎవరివి?

పాఠం చెప్పే ఆవిడ ఆ రోజు మమ్మల్ని గదిలో కూర్చోనివ్వలేదు. అబ్జర్వేటరీ గుట్ట మీదికి తీసుకెళ్ళింది. అక్కడ గడ్డిలో మోకాలెత్తు మట్టి దిబ్బ. చెప్పేదాకా అది దిబ్బని కూడా తెలియదు. చుట్టూ నడిస్తే తెలిసింది, తల, ఒళ్ళు, రెండు తోకలు. నీటిలో ఉండే దేవతా రూపమట. యూరపువాళ్ళు రాకముందు ఎన్నో వందల ఏళ్ళ కిందట కట్టారు. నేను ఎమ్మెస్ చేసే రోజుల్లో దాని పక్కనే కూర్చుని కిందున్న చెరువును చూస్తూ ఇంటికి ఉత్తరాలు రాసేవాణ్ణి.

ఈ నేల హో-చంక్ జాతిది. వాళ్ళ భాషలో ఈ చోటు పేరు దేజోప్. నాలుగు చెరువులని అర్థం. భద్రకాళి, వడ్డేపల్లి చెరువుల గట్ల మీద తిరిగి పెరిగిన నాకు ఆ పేరు గుండెకు తగిలింది. 1832 ఒప్పందంలో ఈ నేల వాళ్ళ చేతినుంచి గుంజుకున్నారు. అయోవా, మిన్నెసోటా, డకోటా, నెబ్రాస్కా అంటూ మళ్ళీ మళ్ళీ తరిమారు. మళ్ళీ మళ్ళీ నడిచి వెనక్కి వచ్చారు. ఈ సంగతంతా చెప్పే పలకను 2019లో బాస్కం గుట్ట మీద పెట్టారు. మోరిల్ చట్టం కింద పంచిన భూమి దేశమంతటా కోటీ ఏడు లక్షల ఎకరాల దాకా ఉందని, అది దాదాపు 250 జాతుల నుంచి తీసుకున్నదని 2020లో హై కంట్రీ న్యూస్ పత్రిక లెక్కతీసింది. విస్కాన్సిన్ ఉత్తరాన ఉన్న పైన్ అడవుల్లో సుమారు ఐదు లక్షల ఎకరాలు ఎక్కడో న్యూయార్క్‌లో ఉన్న కార్నెల్ విశ్వవిద్యాలయానికి పోయాయి. లింకన్ మోరిల్ చట్టం మీద సంతకం చేసిన ఆ 1862లోనే, డిసెంబర్ 26న, పక్క రాష్ట్రం మిన్నెసోటాలో 38 మంది డకోటా మనుషుల్ని ఒకేసారి ఉరితీశారు. 303 మందికి శిక్ష పడితే ఆయన చాలామంది పేర్లు కొట్టేశాడు, మిగిలినవాళ్ళ ఉరికి ఒప్పుకున్నాడు. ఆ విగ్రహం తీసేయాలని 2020లో ఇక్కడి విద్యార్థులు అడగడం వెనక ఈ కథ కూడా ఉంది. గిరిజన కాలేజీలకు మోరిల్ సంస్థల హోదా 1994లోగానీ రాలేదు.

వరంగల్ వాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఏటూరునాగారం వైపు వన్ ఆఫ్ సెవెంటీ అంటే ఏమిటో, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా ఆ చట్టం ఎందుకు అవసరమైందో మనకు తెలుసు. 160 ఎకరాల మాట వినగానే ఒళ్ళు జలదరించిన నేను ఆ భూమి ఎవరిదన్న ప్రశ్న మొదటి వారమే వేసుకోవలసింది. బాబ్‌కాక్ సీసా కథా, గడ్డిలో ఆ రెండు తోకల దిబ్బా ఒకే క్యాంపస్‌లో ఉన్నాయి. నేను ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచలేను. పిల్లల్ని ఇక్కడికి పంపేవాళ్ళు రెండూ తెలుసుకుని పంపాలి.

బాస్కం హాల్ గుమ్మం దగ్గర ఇంకో కంచు పలక ఉంది. 1894లో రిచర్డ్ ఈలీ అనే అర్థశాస్త్ర ఆచార్యుడు సమ్మెలను సమర్థిస్తున్నాడని విచారణ పెట్టి, చివరికి తప్పు లేదని తేల్చారు. అప్పుడు పాలకమండలి రాసిన మాటలే దాని మీద ఉన్నాయి. సత్యం దొరకాలంటే జల్లించాలి, తూర్పారబట్టాలి అన్నది అందులో సారం. మన పేపర్లలో తూర్పారబట్టడం అంటే తిట్టిపోయడం అయిపోయింది. కల్లంలో మా అక్క చేట ఎత్తిపట్టి, గాలి ఎటు తిరిగితే అటు తిరుగుతూ వడ్లు జారవిడిచేది. పొల్లు ఎగిరిపోయేది, గింజ కాళ్ళ దగ్గర పడేది. అందులో కోపం ఏమీ ఉండేది కాదు.

ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేసి ఈ పలక సంగతి చెప్పాను. "గీ వయసుల సదువేంది తమ్మీ" అంటుందనుకున్నా. అనలేదు. "ఆ దిబ్బ కట్టినోళ్ళ పిల్లలు గిప్పుడు ఏడున్నరు?" అని అడిగింది. ఇక్కడే ఉన్నారక్కా, వాళ్ళ ప్రభుత్వం నడుపుకుంటున్నారు, కొంతమంది ఇదే క్యాంపస్‌లో చదువుతున్నారన్నాను. కాసేపు ఆగి, ములుగులో సమ్మక్క సారక్కల పేరు మీద యూనివర్సిటీ పెడుతున్నరని, మేడారం పోయేటప్పుడు దిగి చూద్దామని అంది. నేను చలికాలానికి టికెట్ కొన్నాను.