సూక్ష్మజీవికి లొంగని దోమ

మానవుడు దోమతో సాగించిన పోరాటమున 1976 వ సంవత్సరము రెండు విధముల గుర్తుంచుకొనదగినది. ఆ యేట భారతదేశమున 64 లక్షలకు పైగా మలేరియా కేసులు నమోదయ్యెను. 1965 నాటికి సుమారు ఒక లక్షకు దిగివచ్చిన వ్యాధి మరల తలయెత్తుటకు గల కారణములలో దోమలు డి.డి.టి.కి లొంగకపోవుట యొకటి. ఆ యేటనే ఇజ్రాయెల్ దేశపు నెగెవ్ ఎడారిలో గోల్డ్‌బర్గ్, మార్గలిత్ అను శాస్త్రజ్ఞులు ఒక నీటిగుంటలో దోమపిల్లలు అసంఖ్యాకముగా చచ్చి తేలుచుండుట చూచిరి. వానిని చంపినది ఒక బాక్టీరియా. దానికే తరువాత బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్ అను పేరు వచ్చెను. క్లుప్తముగా బి.టి.ఐ. అందురు.

ఈ సూక్ష్మజీవి తన సిద్ధబీజముతో పాటు మాంసకృత్తుల స్ఫటికమును కూడ తయారుచేయును. దోమపిల్ల దానిని మ్రింగగా, క్షారగుణము గల దాని ప్రేగులో స్ఫటికము కరగి విషమగును. ఆ విషము ప్రేగుగోడ కణములకు రంధ్రములు చేయును. మనుష్యులకు, పశువులకు, చేపలకు దీనివలన హాని లేదు.

బాసిల్లస్ స్ఫీరికస్ అను మరియొక బాక్టీరియాను 1965 లోనే కాలిఫోర్నియాలో దోమపిల్లలయందు కనుగొనిరి. మురుగునీటిలో సయితము దీని శక్తి చాలకాలము నిలుచును. కనుక బోదకాలు వ్యాధిని వ్యాపింపజేయు క్యూలెక్స్ దోమపై దీనిని ప్రయోగించిరి. ప్రకృతి ప్రసాదించిన ఈ మందుకు దోమలు అలవాటుపడవని పలువురు ఆశించిరి.

ఆ ఆశ నిలువలేదు. 1994 లో దక్షిణ ఫ్రాన్సునుండి ప్రతికూల వార్త వచ్చెను. మరుసటి సంవత్సరము కేరళలోని కొచ్చినుండి అట్టిదే ప్రచురితమయ్యెను. అచట రెండేండ్లలో 35 మారులు ఈ మందు చల్లిన పిమ్మట, దోమపిల్లలను చంపుటకు మునుపటికన్న 146 రెట్లు మోతాదు కావలసివచ్చెను.

కారణమేమి? స్ఫీరికస్ విషములో రెండు మాంసకృత్తులున్నను, అవి జంటగానే పనిచేయును. వానికి దోమ ప్రేగులో పట్టు దొరకునది ఒక్క గ్రాహకముచేతనే. ఒకే వాకిలి గల కోట వంటి దిది. వాకిలి మూసికొన్న దోమ బ్రదుకును. దాని సంతతియే పెరుగును. బి.టి.ఐ.లో ముఖ్య విషములు నాలుగు. 1997 లో జార్జియో, విర్త్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగములలో, ఒకే విషమును వాడినచో నిరోధశక్తి శీఘ్రముగా పెరిగెను. నాలుగును కలిసియున్నచో 28 తరములు గడచినను స్వల్పముగానే పెరిగెను. అందుచే మందులను మార్చుచు, లేదా కలిపి వాడుట మేలని తేలినది.

అయితే ఎప్పుడు మార్చవలెను? అది తెలుపునదే పర్యవేక్షణ. కాలువలనుండి తెచ్చిన దోమపిల్లలను 25 చొప్పున నీటిపాత్రలలో వదలి, వేర్వేరు మోతాదులలో మందు కలుపుదురు. బి.టి.ఐ. అయినచో 24 గంటలకు, స్ఫీరికస్ అయినచో 48 గంటలకు చచ్చినవానిని లెక్కింతురు. సగమును చంపు మోతాదును, ఎన్నడును మందు తగులని ప్రయోగశాల దోమలను చంపు మోతాదుతో పోల్చుదురు. ఆ నిష్పత్తియే నిరోధశక్తికి కొలత.

ఈ పరీక్షకు కానరాని శత్రువు కూడ కలదు. స్ఫీరికస్‌ను ఎదిరించు జన్యువు సాధారణముగా అంతర్గతమైనది. తల్లిదండ్రుల ఇరువురినుండి సంక్రమించిననే దాని ప్రభావము వెల్లడియగును. ఒక్క ప్రతి గల దోమపిల్ల మందుకు చచ్చునుగాని, దాని తోడివి ఆ జన్యువును రహస్యముగా మోయుచుండును. బ్రెజిల్‌లోని రెసిఫే నగరపు దోమలలో ఇట్టి జన్యువును శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఏ. పరీక్షచే గుర్తింపగలిగిరి.

వీధిలో దోమల బాధ హెచ్చిన పిమ్మట పరీక్షించుట ఆలస్యమే యగును. మొదటి చల్లింపునకు ముందే ఆ ఊరి దోమల సహజస్థితిని కొలిచి వ్రాసియుంచవలెను. ఆ తొలి లెక్క లేనిచో తరువాతి లెక్కలకు పోల్చుటకు ఆధారముండదు. మందు శక్తి తగ్గుచున్నదో, చల్లుటలోనే లోపమున్నదో తేల్చుట దుర్లభమగును.