డిమాండు: చతుర్థా, షష్ఠా?

ఆంగ్లంలో ‘డిమాండ్’ అనే నామవాచకం తరువాత ‘ఫర్’ రావాలా, ‘ఆఫ్’ రావాలా? సిద్దిపేటలో ఇది వ్యాకరణంతో ముగిసే ప్రశ్న కాదు. ‘డిమాండ్ ఫర్ తెలంగాణ’ అంటే తెలంగాణ కావాలని అడగడం. ‘డిమాండ్ ఆఫ్ తెలంగాణ’ అంటే తెలంగాణయే మరేదో అడుగుతున్నదని అర్థం. అడిగినది కాస్తా అడిగేవారైపోతుంది!

1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి ‘కొఱకు, కై’లను చతుర్థిలోను, ‘యొక్క’ను షష్ఠిలోను చేర్చారు. ‘ఫర్’కూ ‘ఆఫ్’కూ నడుమ భేదం ఇంచుమించు అదే. కాని మనం ‘తెలంగాణ డిమాండు’ అని సమాసం చేసి విభక్తిని ఎగరగొట్టేస్తాం. అడిగేదెవరో, అడిగేదేమిటో సందర్భమే చెప్పుకోవాలి.

నిజాం ఏలుబడిలో కచేరీల భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు బోధనభాషా అదే. ఉర్దూలో ‘తెలంగాణా కా ముతాలిబా’ అంటారు. అక్కడ షష్ఠే సహజం. ఆ చదువులోంచి ఆంగ్లానికి వచ్చిన పెద్దల కలం ‘ఆఫ్’ వైపు మొగ్గితే దానిని అజ్ఞానమని నేననను.

అయినా ఢిల్లీకి మన కోరిక వినిపించవలసింది ఆంగ్లంలోనే. అక్కడ సమాసం చాటున దాగడం కుదరదు. 2009 నవంబరు 29న కె. చంద్రశేఖరరావు నిరాహారదీక్షకై సిద్దిపేటకు బయలుదేరి, కరీంనగర్ వద్దనే అరెస్టయ్యారు. డిసెంబరు 9న రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ గురించి చిదంబరం చేసిన ప్రకటన ఆంగ్లంలోనే వెలువడింది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అధికార పత్రాల మీద ‘గవర్నమెంట్ ఆఫ్ తెలంగాణ’ అని ఉంటుంది; ఇక్కడ ‘ఆఫ్’ సరైనదే.