దీపాలదిన్నె

భూమిని త్రవ్వువారు రెండు తెఱఁగులవారు. భూగర్భమున నేమున్నదో తెలిసికొనుటకే త్రవ్వువారు కొందఱు. తక్కినవారు పునాదికో, బావికో, ఉద్యానములోని కొలనికో త్రవ్వుచుండఁగా పూర్వకాలము వారి గునపమునకుఁ దగులును. ఈ రెండవ విధమున బయల్పడినవానిలో అమరావతి స్తూపము మనకు మిక్కిలి దగ్గఱిది. దాని కథ దుఃఖకరమైనది కూడను.

పదునెనిమిదవ శతాబ్దపు తుదిలో చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుఁడుగారు కృష్ణకు దక్షిణపుటొడ్డున, అమరేశ్వరాలయము చెంత, క్రొత్త నగరము నిర్మింపఁబూనిరి. కట్టడములకు రాయియు నిటుకయుఁ గావలసియుండెను. ఊరికి దాపున దీపాలదిన్నె యను మిట్ట కలదు. దానిని త్రవ్వఁగా పెద్ద పెద్ద యిటుకలును, చెక్కడపుఁ బనిగల సున్నపురాతి పలకలును బయటఁబడెను. పనివారికవి సిద్ధముగా దొరకిన సామగ్రి. కొన్ని మెట్లయ్యెను, కొన్ని గోడలలోఁ జేరెను, కొన్ని కాలి సున్నమయ్యెను.

పిమ్మట దిన్నె నడుమనే కోనేరు త్రవ్వఁబడెను. ఆ శతాబ్దము ముగియకముందే యొకమాఱు వచ్చి చూచిన కాలిన్ మెకంజీ, 1816లో మరల వచ్చునప్పటికి స్తూపగర్భము కోనేరైయుండెను. ఆయన తన చిత్రకారులచే వ్రాయించిన పటములే, తరువాత నశించిన యనేక శిలలకు నేఁడు సాక్ష్యము.

అపరాధమంతయు జమీందారుగారిపైఁ ద్రోయుట న్యాయము కాదు. ఆయన కోరినది నగరము. అది బౌద్ధస్తూపమని నాఁడు ఆయనకుఁ జెప్పఁగలవారు లేరు. మెకంజీయే దానిని జైనులదిగాఁ దలంచెను. మఱి, విలువ యెఱిఁగిన పిదప జరిగినదేమి? 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి పలకలను మద్రాసునకుఁ బంపెను. వానిలోఁ బెక్కులు 1859లో లండనుకుఁ బంపఁబడెను. 1877లో రాబర్ట్ స్యూయల్ కొంతభాగమును త్రవ్వించి, కనఁబడినదానిని వ్రాసికొనెను. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు ఆజ్ఞచే మిగిలిన దిన్నెయుఁ దొలగింపఁబడెను. మఱుసటియేఁడు జేమ్స్ బర్జెస్ వచ్చి చూచునప్పటికి అచ్చట నున్నది పెద్ద గొయ్యి.

మద్రాసు మ్యూజియములో ఆ శిల్పముల యెదుట నేను పలుమాఱులు నిలిచితిని. కొన్ని పలకలపై శిల్పులు స్తూపము రూపమునే చెక్కియుండిరి గనుక దాని యాకృతిని మనము ఊహింపఁగలుగుచున్నాము. కాని యే పలక యెచ్చట నుండెను? దేని ప్రక్కన నేది? తాళపత్రగ్రంథమునకుఁ ద్రాడు తెగి, ఆకుల యంకెలు చెఱిఁగినచో, ఒక్కొక్క పద్యము అందముగనే యుండును; కథ మాత్రము నడవదు. అమరావతికిఁ బట్టిన గతి యదియే.

అచ్చట దొరకిన యొక రాతిముక్కపై ‘నాగబు’ అను పదమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిరి. తెలుఁగుమాటకుఁ గనఁబడు మిక్కిలి ప్రాచీనమైన జాడలలో దానిని పండితులు చేర్చుదురు. అట్టి ముక్కలెన్ని సున్నపుబట్టీ పాలయ్యెనో! జీవితమంతయు పిల్లలకు తెలుఁగు చెప్పి బ్రతికిన నాకు ఈ తలంపు శిల్పనాశముకంటెను ఎక్కువ బాధ కలిగించును.

ఇదే కృష్ణకు ఎగువను వేఱొక కథ జరిగినది. నాగార్జునకొండ లోయలోని శిథిలములు 1926లో వెలుఁగులోనికి వచ్చినవి. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగెను. లోయ మునుఁగుట తప్పదని తెలిసి, 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి పర్యవేక్షణమున అచ్చట త్రవ్వి, కొలిచి, వ్రాసికొనిరి. ముఖ్యమైన కట్టడములను కొండపై మరల నిలిపిరి. లోయ నీటఁ గలిసెను, చరిత్ర మిగిలెను.

కావున త్రవ్వవలదని నేను చెప్పను. ఊళ్లు పెరుగవలయును, తోఁటలును గొలనులును గావలయును. 1878 నాఁటి నిక్షేపముల చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరకినవారు కలెక్టరునకుఁ దెలుపవలయును. వెల లేనిదని తోఁచిన రాతిముక్కను గూడ అట్లే చూడుఁడు. చెక్కడముగాని, లిపిగాని కనఁబడినచో గునపము నాపి, రాతిని కదల్పక, పురావస్తుశాఖవారికిఁ దెలుపుఁడు. పని నిలిచినందున ఒకదినపు కూలి పోవచ్చును. అది మరల వచ్చును. చెదరిన వరుసను మరలఁ గూర్చుట యెవరి తరమును గాదు.