ఊపిరా, నాడియా? - హైదరాబాదు క్లోరోఫాం కథ

వరంగల్లు వైపు దినపత్రికల జిల్లా పేజీలు చదివే అలవాటున్నవారికి ఒక మాట కంఠతా వచ్చి ఉంటుంది: "వికటించి". మత్తు ఇంజెక్షన్ వికటించి, శస్త్రచికిత్స వికటించి. జనగామ అయినా, మానుకోట అయినా, భూపాలపల్లి అయినా వాక్యం ఒక్కటే. ఆ క్రియకు కర్త మందే గాని మనిషి కాదు. ఎవరు ఏం చేశారో, ఏం చూడకుండా వదిలేశారో ఆ మాట అడగనివ్వదు. ఆ చిరాకుతోనే, నూట ముప్ఫయ్యయిదేళ్ళు దాటిన పాత కథ ఒకటి తవ్వి తీయాలనిపించింది.

1847 నవంబరులో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫాంను వైద్యంలోకి తెచ్చాడు. మూడు నెలలైనా తిరగలేదు. 1848 జనవరి 28న న్యూకాసిల్ దగ్గర హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి కాలిగోరు తీయించుకోబోయి, మందు పీల్చిన కొద్ది నిమిషాల్లోనే చనిపోయింది. అప్పటికే ఆమె భయంతో ఏడుస్తూ ఉన్నది (ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది). తప్పు మందుది కాదు, ఆమె నోట్లో పోసిన నీళ్ళదీ బ్రాందీదీ అన్నాడు సింప్సన్. మొదటి చావుతోనే నెపం వెతకడం మొదలైందన్నమాట.

తరువాత వైద్యులు రెండు పక్షాలయ్యారు. గుండె ఆగిపోతున్నది కనుక నాడి చూడాలని లండన్ వారు. ముందు ఆగేది శ్వాస కనుక ఊపిరినే కనిపెట్టుకొని ఉండాలని ఎడింబరో వారు. ఆ రెండో పక్షానికి పెద్ద అయిన సైమ్ శిష్యుడు ఎడ్వర్డ్ లారీ. ఆయన హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. 1846లో పుట్టిన ఇక్కడి మెడికల్ స్కూలుకు, అంటే తరువాతి ఉస్మానియా వైద్య కళాశాలకు, ప్రిన్సిపాలు కూడా. నాడి చూడకుండా, ఊపిరి మాత్రమే చూస్తూ, వేలాది మందికి ఒక్క మరణమైనా లేకుండా క్లోరోఫాం ఇచ్చానని చెప్పుకొనేవాడు. ఆయన శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా చెబుతారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆమెకొక పేరా అయినా దక్కి ఉండవలసింది.

1888లో లారీ కుక్కల మీద ప్రయోగాలు చేయించి, శ్వాసే ముందు ఆగుతుందని తేల్చాడు. లండన్‌లోని 'లాన్సెట్' పత్రిక నమ్మలేదు. సరే, మీ మనిషినే పంపండని ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ చేత వెయ్యి పౌన్లు ఇప్పించాడు లారీ. వచ్చినవాడు లాడర్ బ్రంటన్. గుండెకే ప్రమాదమని అంతకుముందు నమ్మినవాడు. 1889 చివర రెండో కమిషను నాలుగు వందలకు పైగా జంతువులను పరీక్షించింది: కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు. బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకొని లండన్‌కు తంతి కొట్టాడు. లారీ గెలిచాడు. (నిజాం రైలు జనగామ, మానుకోటల మీదుగా బెజవాడ చేరింది కూడా ఆ ఏడాదే. దానికి దూరంగా అడవిలో ఉన్న భూపాలపల్లికి రైలూ లేదు, క్లోరోఫామూ లేదు.)

కాని లారీ గెలుపు తప్పు గెలుపు. జంతువులకు వాళ్ళు ఎక్కువగా ఇచ్చింది అతిమోతాదు. అతిమోతాదులో ముందు ఆగేది శ్వాసే, అందులో అబద్ధం లేదు. అయితే ఆసుపత్రుల్లో చాలామంది పోతున్నది మత్తు ఇంకా సరిగా ఎక్కకముందే, చిన్నచిన్న శస్త్రచికిత్సల్లో. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ఆ రహస్యం విప్పాడు: తేలికపాటి క్లోరోఫాం మత్తులో, భయం వల్ల ఊరే ఎడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి వణుకుతూ ఒక్కసారిగా ఆగిపోతుంది. ఏడుస్తున్న హానా గ్రీనర్ ఇప్పుడు గుర్తుకు రావడం లేదూ?

లారీ మోసగాడు కాడు. ఊపిరిని అంత శ్రద్ధగా కాచుకోవడం వల్లే ఆయన చేతిలో చాలామంది బతికి ఉండవచ్చు. తనకు కావలసిన జవాబు వచ్చే ప్రశ్ననే వేసుకున్నాడు, అంతే. విరుద్ధంగా సాక్ష్యం వచ్చినా మాట మార్చుకోలేదు. నా దృష్టిలో అసలు దోషం అదీ. అయినా ఒక మేలు చేశాడు. ప్రయోగాలన్నీ, రక్తపోటు గీతలతో సహా, అచ్చు వేయించాడు కనుకనే తరువాతి వాళ్ళు ఆయనతో వాదించగలిగారు. మన జిల్లాల్లో "వికటించిన" ఆపరేషన్‌కు అలాంటి కాగితం ఎంతమంది బంధువుల చేతికి వస్తుంది?

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సకు ముందూ తరువాతా చదివి సరిచూసుకోవలసిన 19 అంశాల పట్టిక ఇచ్చింది. అందులో రోగి వేలికి తగిలించే ఆక్సిమీటరు పని చేస్తున్నదా అన్నదొకటి. ఆ చిన్న పరికరం నాడినీ చూస్తుంది, రక్తంలోని ప్రాణవాయువునూ చూస్తుంది. అరవయ్యేళ్ళ తగవు వేలి చివర తీరిపోయింది!

మానుకోటలో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. అక్కడ చదివే పిల్లలెవరైనా ఇటు వస్తే, లారీ ఎక్కడ తప్పాడో మీ గురువులను అడగండి. ఏమన్నారో నాకూ రాయండి.