ఏనుగు నమిలిన కాగితం

థాయిలాండ్ ఉత్తరాన చియాంగ్ మై నగరం దాటి అరగంట వెళితే మే రిమ్ ప్రాంతం వస్తుంది. అక్కడి కొండదారుల వెంట ఏనుగుల శిబిరాలు చాలా ఉన్నాయి. వాటికి దగ్గర్లోనే ఎలిఫెంట్ పూపూ పేపర్ పార్క్ అని ఒక తోట ఉంది. చెట్ల నీడన పాకలు, నీళ్ల తొట్లు, ఎండకు వరసగా నిలబెట్టిన రంగురంగుల చట్రాలు. లోపలికి రాగానే పిల్లలు అడిగేది ఒక్కటే: ఏనుగేది? ఇక్కడ ఏనుగు ఉండదు. దాని లద్ది మాత్రం వస్తుంది. ఆ లద్దితో కాగితం ఎలా అవుతుందో చూపించి, పిల్లల చేత కూడా చేయిస్తారు.

వినగానే ముక్కు మూసుకునే వారుంటారు. కానీ కాగితం పుట్టుక తెలిసినవారికి ఇందులో వింతేమీ తోచదు. మొక్కల పీచు నీళ్లలో పోగుపోగుగా విడిపోయి, పలచగా పరుచుకుని, ఆరేటప్పుడు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటే అదే కాగితం. ఆ పీచు ఎక్కడిదైనా ఫరవాలేదు. చైనాలో హాన్ వంశపు ఆస్థానోద్యోగి త్సాయ్ లున్ క్రీ.శ. 105లో చక్రవర్తికి విన్నవించిన పద్ధతిలో వాడిన సరుకు చెట్ల బెరడు, నార పోగులు, చింకి గుడ్డలు, చిరిగిన చేపల వలలు. అంతకు ముందు కాలపు కాగితం ముక్కలు కూడా తవ్వకాల్లో దొరికాయి కనుక ఈ విద్య ఆయనతోనే మొదలైందని అనలేం. ఇంకెవరికీ అక్కరలేని వస్తువుతో కాగితం చేయడమన్నది మాత్రం అప్పటికే ఉంది.

యూరప్ వందల ఏళ్ల పాటు పాత గుడ్డల మీదే ఆధారపడింది. అచ్చుయంత్రాలు పెరిగే కొద్దీ గుడ్డలకు కరువొచ్చింది. 1719లో ఫ్రెంచి శాస్త్రవేత్త రియోమూర్ కందిరీగల గూళ్లను గమనించాడు. అవి చెక్కను గీరి, నోట్లో నమిలి, మెత్తటి కాగితం లాంటి గోడలు కడుతున్నాయి. ఆ పురుగు చేసే పని మనమెందుకు చేయలేమని ఆయన ఫ్రెంచి సైన్స్ అకాడమీ ముందు ప్రశ్న పెట్టాడు. తను మాత్రం ఆ కాగితం చేసి చూపలేదు. 1765 నుంచి జర్మనీలో షెఫర్ అనే మతాచార్యుడు కందిరీగ గూళ్లు, నాచు, బంగాళదుంప తీగలు, ఇలా చేతికందిన ప్రతిదానితో కాగితం చేసి, ఆ ముక్కలనే పుస్తకాల్లో అతికించి అచ్చు వేయించాడు. చెక్కను అరగదీసి గుజ్జు చేసే మార్గం 1844లో కెల్లర్ అనే జర్మన్ చేతిలో కుదిరింది. అడవులు కాగితం మిల్లుల దారి పట్టింది ఆ తర్వాతే. మన సిర్పూరు కాగజ్‌నగర్ మిల్లుకు వెదురు తరలింది కూడా ఆ వరసలోనే.

నమలడం ద్వారా కాగితానికి దారి చూపిన రెండో జీవి ఏనుగు. పెద్ద ఏనుగు రోజుకు సుమారు 150 కిలోల మేత తింటుంది. గడ్డి, వెదురు, అరటి బోదె, కొమ్మల బెరడు, ఏదైనా సరే. జీవితకాలంలో ఆరు విడతల దవడపళ్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి అరిగిపోయేంతగా నమిలే జంతువే అయినా, అది తిన్నదానిలో సగం కూడా అరిగించుకోలేదు. ఆవులా నెమరు వేయదు. అందుకే దాని లద్దిలో పొడవాటి పీచు తెగకుండా మిగులుతుంది. కాగితం చేసేవాడు గంటల తరబడి ఉడకబెట్టి, దంచి చేయాల్సిన పనిలో కొంత ఏనుగు కడుపులోనే అయిపోతుంది. మిగిలిన పని మనిషిది.

ఈ ఆలోచన థాయిలాండ్‌లో ఊరకే ఊడిపడలేదు. 1988 నవంబరులో ఆ దేశపు దక్షిణాన నఖోన్ సి థమ్మరాత్ వైపు కుండపోత వానకు కొండచరియలు విరిగి, నరికి పడేసిన దుంగలు వరదలో కొట్టుకొచ్చి ఊళ్లను తుడిచిపెట్టాయి. వందల మంది చనిపోయారు. 1989 జనవరిలో ప్రభుత్వం అడవుల్లో కలప నరకడాన్ని నిషేధించింది. అడవికి అది మేలు. కానీ తరతరాలుగా దుంగలు లాగిన ఏనుగులకు, వాటి మావటీలకు ఒక్కసారిగా పని పోయింది. కొందరు మావటీలు ఏనుగుల్ని నగర వీధుల్లోకి తోలుకొచ్చి అరటిపళ్లు అమ్ముకున్నారు, మరికొందరు పర్యాటక శిబిరాల్లో చేరారు. శిబిరంలో పది ఏనుగులుంటే కుప్పలు పడే లద్దిని ఏం చేయాలన్న ప్రశ్న అప్పుడు తలెత్తింది.

జవాబుకు కావలసిన విద్య ఆ పక్కనే ఉంది. చియాంగ్ మై చుట్టుపక్కల ఊళ్లలో సా అనే చెట్టు బెరడుతో చేతికాగితం చేయడం పాత వృత్తి. బో సాంగ్ ఊరి రంగుల గొడుగులు ఆ కాగితంవే. అదే తొట్టి, అదే చట్రం, అదే ఎండ. మారింది పీచు ఒక్కటే. లంపాంగ్‌లోని ఏనుగుల సంరక్షణ కేంద్రంలో కూడా లద్ది కాగితం చేస్తారు.

శ్రీలంకలో కథ ఇంకో వైపు నుంచి నడిచింది. అక్కడ పంట మేసిన ఏనుగును రైతు శత్రువుగా చూస్తాడు, చంపుతాడు కూడా. 1997లో పిన్నవల ఏనుగుల ఆశ్రమానికి దగ్గర్లో, కేగల్ల ప్రాంతంలో మాక్సిమస్ అనే సంస్థ మొదలైంది. ఏనుగు వల్ల నాలుగు డబ్బులు వస్తే పల్లె దాన్ని బతకనిస్తుందన్నది వాళ్ల లెక్క. మన దేశంలో 2003లో జైపూర్ దగ్గర మహిమా మెహ్రా, విజేంద్ర షెఖావత్ హాథీ ఛాప్ మొదలుపెట్టారు. ఆమేర్ కోట ఏనుగుల లద్ది, పక్కనే సాంగానేర్‌లో కాగితం చేసే కాగ్జీల చేతిపని, రెండూ అందుబాటులో ఉన్న చోటది.

మే రిమ్ పార్కులో చూసేవారికి మొదట పోయేది వాసన భయం. ఎండిన లద్దిని బాగా కడిగితే మిగిలేది ఎండుగడ్డి లాంటి పీచు. చేత్తో పట్టుకుని వాసన చూసిన పిల్లల మొహం అక్కడే మారిపోతుంది. ఆ పీచును గంటల తరబడి ఉడకబెడతారు. సూక్ష్మజీవులు చచ్చిపోయేది ఆ దశలోనే. తర్వాత ఇతర మొక్కల పీచు కలిపి మెత్తగా చేసి, రంగు వేసి, తూకం వేసి ముద్దలు కడతారు. ఒక ముద్దకు ఒక కాగితం. చట్రాన్ని నీళ్ల తొట్టిలో ముంచి, ముద్దను విడదీసి వేళ్లతో సమంగా పరచడం పిల్లలకు ఇష్టమైన పని. ఒకచోట గుబురుగా, ఒకచోట చిల్లుపడేంత పలచగా వస్తుంది. అది సరిచేయడానికి తల్లిదండ్రులు చేతులు పెట్టకుండా ఉంటేనే బాగుంటుంది. చట్రాన్ని నీళ్లలోంచి మెల్లగా ఎత్తి, వాల్చి ఎండలో పెడతారు. ఆరాక కాగితం ఊడి వస్తుంది. కాస్త గరుకు, అక్కడక్కడా గడ్డి పోచ కనిపిస్తుంది. దానితో నోటుపుస్తకాలు, కార్డులు చేస్తారు.

ఈ కాగితం అమ్మిన డబ్బుతో ఏనుగు కడుపు నిండదు. అలా చెప్పి అమ్మేవారిని నేను నమ్మను. కానీ ఏనుగు వీపు మీద పిల్లల్ని ఊరేగించే శిబిరం కంటే, ఏనుగే లేని ఈ తోట దాని గురించి ఎక్కువ నేర్పుతుందని నా గట్టి నమ్మకం. ఏం తింటుంది, ఎంత తింటుంది, ఎందుకు అరగదు, అడవి పోతే ఏమవుతుంది, ఇవన్నీ ఒక లద్ది ముద్ద నుంచే అడగొచ్చు.

ఆవు పేడతో చేయలేమా అని తెలుగువాళ్లు అడగడం సహజం. పేడతో కళ్లాపి చల్లి, పిడకలు కొట్టి, సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టిన ఇళ్లు మనవి. చేయవచ్చు. నెమరు వేసే జంతువు కనుక ఆవు పేడలో పీచు పొట్టిగా ఉంటుంది, అందుచేత పత్తి గుడ్డపీలికల గుజ్జు కలపక తప్పదు. సాంగానేర్‌లోని కుమరప్ప జాతీయ చేతికాగితం సంస్థ ఆ పని చేసి చూపించింది. గ్రామ పరిశ్రమల కోసం జీవితం ధారపోసిన జె.సి. కుమరప్ప పేరు దానికి పెట్టారు.

మే రిమ్‌కు పిల్లలతో వెళ్లాలనుకునేవారికి నవంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం. అప్పుడు వానలుండవు, చట్రాలు ఎండకు చక్కగా ఆరతాయి. ఫిబ్రవరి దాటితే చుట్టుపక్కల పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ ఆ లోయలో పట్టేస్తుంది.