బస్తరు ఎఱ్ఱచీర

దంతేశ్వరీదేవి తన వస్త్రమును పఱచినంత మేర భూమి రాజ్యమయ్యెననియు, ఆ వస్త్రమే బస్తరు అను పేరునకు మూలమనియు ఆ ప్రాంతమున ఒక జనశ్రుతి కలదు. వెదురు నీడ అను అర్థమున ఆ పేరు ఏర్పడినదని మఱికొందఱందురు. ఏది నిజమైనను, 1323లో ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని తమ్ముడైన అన్నమదేవుడు అచటికి పోయి రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశమువారు చెప్పుకొనుచు వచ్చిరి. కావున తెలుగువారికి బస్తరు పరాయి భూమి కాదు. ఆ భూమికి వస్త్రముతో గల సంబంధము పేరుతోనే ముగిసిపోలేదు.

మనుష్యులకు వలెనే వస్త్రములకును ఉత్థానపతనములు కలవు. మఖమలు చరిత్రయే ఇందుకు నిదర్శనము. నేతలో అదనపు పడుగును సన్నని కడ్డీలపై ఉచ్చులుగా లేపి, ఆ ఉచ్చులను కోసి నూగు తేర్చిన ఆ పట్టుబట్ట ఒకప్పుడు వెనిస్, జెనోవా, ఫ్లారెన్సు నగరముల నుండి ప్రభువుల కొలువులకు పోయెడిది. 19వ శతాబ్దిలో మరమగ్గములును, 20వ శతాబ్దిలో రేయాను నూలును వచ్చిన పిదప అది సామాన్యుల ఇండ్లకు చేరి, కొంతకాలము చౌకబారు బట్ట యను పేరు మోసి, మరల మరల ఫ్యాషనుగా తిరిగి వచ్చుచున్నది. అది మేడల నుండి దిగివచ్చిన బట్ట. బస్తరు ‘పాటా’ నడచిన త్రోవ ఇందుకు విపర్యము. అది అడవిలో పుట్టి, అడవిలోనే క్షీణించి, నగరములో తిరిగి తలయెత్తినది.

పాటా ముతక నూలుబట్ట. గుంటమగ్గముపై దీనిని నేయువారు పనికా కులస్థులు. తరతరములుగా దీనిని కట్టినవారు మాడియ, మురియ, ధుర్వ మున్నగు గిరిజనులు. రంగు వేయని నూలు తెల్లని నేలగాను, ఆల్ వేరు ఎఱుపు అంచుగాను కొంగుగాను దీనియందు అమరియుండును. చేప, పీత, గొడ్డలి వంటి రూపములు కొంగున కనవచ్చును. ఆల్ అనగా మన తొగరు చెట్టే. తెలుగున తొగరు అను మాటకు ఎఱుపు అను అర్థము కూడ ఉండుట గమనింపదగినది.

ఆ వేరు బెరడును దంచి పొడి చేయుదురు. కాని నూలు ఆ రంగును ఊరక పట్టదు. ముందుగా ఆముదము, బూడిదనీరు, ఆవుపేడలతో నూలును పలుమాఱులు మర్దించి, ఉతికి, ఎండవేయవలెను. ఈ పని వారముల తరబడి సాగును. ఆ తరువాతనే రంగులో కాచుట. అన్నభేది చేర్చినచో ఎఱుపు నల్లని ఛాయకు తిరుగును. ఇంత శ్రమకు ఫలముగా ఏండ్లు గడచినను వెలవెలపోని రంగు లభించును.

1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు అలిజరీను అను ఎఱ్ఱరంగును ప్రయోగశాలలో తయారుచేసిరి. కొలది సంవత్సరములలోనే అది చౌకగా లోకమంతట వ్యాపించెను. మధ్యభారతమున ఆల్ సాగు దానితో కుప్పకూలినది. త్రోవలు సరిగా లేని బస్తరు అడవిలో మాత్రము పాత విద్య మఱికొంతకాలము నిలిచినది. తుదకు రోడ్లు వచ్చినవి. వానివెంట మిల్లు చీరలు సంతలకు వచ్చినవి. వారముల శ్రమతో తయారైన చీర వాని ధరతో పోటీపడజాలకపోయెను.

ఈ విద్య తిరిగి వెలుగులోనికి వచ్చుటకు జగదల్‌పూరు సమీపముననున్న కోట్‌పాడు తోడ్పడినది. నేడు ఒడిశాలోనున్న ఈ ఊరు 1936 వరకు జయపురము జమీందారీతో పాటు మన విశాఖపట్టణము జిల్లాలోనిదే. రసాయనికపు రంగులపై అనుమానములు పెరిగి, 1994లో జర్మనీ కొన్ని అజో రంగులను నిషేధింపగా, వేళ్ల రంగులు, బెరడు రంగులు మరల ఆదరమునకు పాత్రములైనవి. 2005లో కోట్‌పాడు చేనేతకు భౌగోళిక గుర్తింపు లభించినది. 2018లో ఆ ఊరి నేతగాడు గోవర్ధన్ పనికాకు పద్మశ్రీ పురస్కారము దక్కినది. మోటదని ఒకప్పుడు తలచిన ఎఱ్ఱచీరను నేడు నగర స్త్రీలు వేడుకల యందు ధరించుచున్నారు. ఆ బట్టయే దుపట్టాగాను, ఉత్తరీయముగాను కూడ రూపొందుచున్నది.

ఇది సంతోషింపదగిన విషయమే. అయినను ఇందొక విషాదము కలదు. ఏ గిరిజన స్త్రీ కొఱకు ఈ చీర పుట్టినదో ఆమె నేడు సంతలో మిల్లు చీర కొనుచున్నది. ఒకప్పుడు నేతగానికి తాను నేసిన చీర ఎవరు కట్టుదురో తెలిసియుండెడిది. నేడు కొనువారు ఎక్కడివారో తెలియదు. పైగా వేరు త్రవ్వినంత వేగముగా చెట్టు పెరుగదు. ఇదే రూపమును యంత్రము ఒక పూటలో అచ్చువేయగలదు.

ఫ్యాషను వచ్చును, పోవును. మఖమలు ఎన్నిమాఱులు పోయినను యంత్రమున్నది కనుక మరల రాగలిగినది. పాటా విద్య యంత్రములో లేదు. నేతగాని చేతిలోను, అతని ఇల్లాలు నూలు మర్దించు ఓర్పులోను ఉన్నది. ఆ చేయి ఒక్కతరము ఆగినచో దానిని తిరిగి తెచ్చుట దుర్లభము. నేతగాని బిడ్డకు మగ్గము అన్నము పెట్టవలెను. కొండపై తొగరు మొలక నిలువవలెను. అప్పుడే బస్తరు చీరకు ఈ పునరాగమనము సార్థకమగును.