సున్నా ఎవరిది?

రైఫిల్‌కి దుర్బిణి బిగించాలన్న ఆలోచన చాలా పాతది. 1776లోనే అమెరికాలో చార్ల్స్ విల్సన్ పీల్ అనే చిత్రకారుడు, ఖగోళ పరికరాలు చేసే డేవిడ్ రిటన్‌హౌస్‌తో కలిసి ప్రయత్నించాడు. తుపాకీ పేలినప్పుడు వెనక్కి తంతుంది కదా, ఆ దుర్బిణిని చాలినంత ముందుకి జరపడం కుదరక అది వచ్చి కంటికి తగిలేది. 1855లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో విలియం మాల్కమ్ రంగుల అంచులు కనపడని మంచి కటకాలతో పొడుగాటి స్కోపులు చేయడం మొదలుపెట్టాడు. 1880లో ఆస్ట్రియాలో ఆగస్ట్ ఫీడ్లర్ అనే అటవీ అధికారి వేటకి పనికొచ్చే స్కోపు చేశాడు.

స్కోపుల చరిత్ర ఎవరు చెప్పినా ఇలా అద్దాల చుట్టూనే తిరుగుతుంది. నాకైతే అసలు కథ అద్దాల కింద, స్కోపుని తుపాకీకి పట్టుకుని ఉండే రెండు ఇనప ముక్కల్లో ఉందనిపిస్తుంది.

రైఫిల్‌ని ‘జీరో చేయడం’ అంటే, స్కోపులో కనిపించే అడ్డగీత, నిలువుగీత కలిసే చోటే, ఒక నిర్ణీత దూరంలో, మాటవరసకి 100 మీటర్లలో, తూటా తగిలేలా చూసుకోవడం. “నా స్కోపు జీరో అయింది” అని అందరూ అంటారు గానీ, స్కోపుకి సొంత సున్నా అంటూ ఏదీ లేదు. ఒక బ్యారెల్, ఒక స్కోపు, ఒక రకం తూటా: ఈ ముగ్గురి మధ్య కుదిరిన ఒప్పందం అది. ఒకరు మారితే ఒప్పందం చెల్లదు.

ఎంత సున్నితమైన ఒప్పందమో చిన్న లెక్కతో తెలుస్తుంది. స్కోపుని పట్టుకునే రెండు కాళ్ల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు అనుకుందాం. వెనక కాలి కింద 0.1 మిల్లీమీటరు మందం మట్టి ఇరుక్కుంది. మనం ప్రింట్లు తీసుకునే మామూలు తెల్లకాగితం మందం దాదాపు అంతే. వెయ్యికి ఒకటి వంతున కోణం తేడా వచ్చింది కాబట్టి, 100 మీటర్ల దగ్గర తూటా 10 సెంటీమీటర్లు తప్పుతుంది, 200 మీటర్ల దగ్గర 20. ఐరోపాలో వేటాడే చిన్న జింక రో డీర్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు మన అరచేతికన్నా మరీ పెద్దదేం కాదు. ఆ తేడాకి తూటా పొట్టలోకో కాలికో పోతుంది. జింక వెంటనే చావదు, ఎక్కడో పొదల్లో గంటల తరబడి చస్తుంది.

ఈ సంగతి పాత జర్మన్ తుపాకీ పనివాళ్లకి బాగా తెలుసు. తూరింగియాలోని జూల్ పట్టణం పేరుతో ఒక మౌంటు ఉంది. స్కోపు కాళ్లకి గోళ్ల లాంటి కొక్కేలుంటాయి, తుపాకీ మీది దిమ్మల్లో ఉన్న గాళ్లలోకి అవి దిగి పట్టుకుంటాయి. కావాలంటే స్కోపు తీసేయొచ్చు, మళ్లీ పెడితే అదే చోట కూర్చోవాలి. అలా కూర్చునేదాకా పనివాడు ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీస్తూ ఉండేవాడు. ఒక తుపాకీకి అమర్చిన కొక్కేలు ఇంకో తుపాకీకి సరిపోవు. పైగా అప్పటి జర్మన్ స్కోపులు చాలావాటిలో పైకీ కిందకీ సర్దే మర మాత్రమే ఉండేది. కుడీ ఎడమా సర్దాలంటే వెనక దిమ్మనే కాస్త జరపాలి. అంటే సున్నా అనేది వేటగాడి చేతిలో లేదు, పనివాడి బల్ల మీద ఉంది. గురి తప్పితే తుపాకీ పట్టుకుని అతని దగ్గరికే పోవాలి.

బ్యారెల్ మార్చుకునే తుపాకులు వచ్చాక ఈ ఏర్పాటు కదిలిపోయింది. అసలు బ్యారెల్ ఎందుకు మార్చాలి? జర్మన్ వేట చట్టం చూస్తే ఒక కారణం దొరుకుతుంది. రో డీర్‌ని కొట్టే తూటాకి 100 మీటర్ల దగ్గర కనీసం 1000 జౌళ్ల శక్తి ఉండాలి. అడవిపంది, పెద్ద దుప్పి లాంటివాటికైతే వ్యాసం కనీసం 6.5 మిల్లీమీటర్లు, శక్తి 2000 జౌళ్లు. పొద్దున జింక, రాత్రి పంది అంటే రెండు తుపాకులు మోయాలి, లేదా ఒక తుపాకీకి రెండు బ్యారెళ్లు ఉండాలి.

మరి బ్యారెల్ మారిస్తే స్కోపు ఎక్కడుండాలి? మామూలు బోల్టు రైఫిళ్లలో స్కోపు రిసీవర్ మీద, అంటే బోల్టు ముందుకీ వెనక్కీ కదిలే పెట్టె మీద ఉంటుంది. బ్యారెల్ తీసి ఇంకోటి పెడితే స్కోపు కదలదు గానీ అది చూసే బ్యారెల్ వేరు. పాత సున్నా పోయినట్టే. 1967లో అమెరికాలో వచ్చిన థాంప్సన్ సెంటర్ కంటెండర్ పిస్తోలు స్కోపుని బ్యారెల్‌కే బిగించింది. మడిచి తెరిచే పిస్తోలు కాబట్టి దానికి వేరే దారి కూడా లేదులెండి. 1993లో జర్మనీలోని బ్లేజర్ కంపెనీ ఆర్93 రైఫిల్‌తో ఇదే పని బోల్టు రైఫిల్లో చేసింది. బోల్టు నేరుగా బ్యారెల్లోకే తాళం పడుతుంది. బ్యారెల్ పక్కల చెక్కిన చిన్న గుంటల్లో జీను లాంటి మౌంటు కూర్చుంటుంది. కింద రెండు నట్లు, ఒక కీ. అవి విప్పి బ్యారెల్‌తోపాటు దాని స్కోపునీ తీసేసి, ఇంకో జత పెట్టుకోవచ్చు. ఎవరి సున్నా వాళ్లదే.

తెలివైన ఏర్పాటే, సందేహం లేదు. కానీ దీంతో జూల్ పనివాడి బాధ్యత మొత్తం ఆ చిన్న కీతోపాటు వేటగాడి చేతికొచ్చింది. ఆకురాయి పట్టడం రానివాడు ఇప్పుడు తన తుపాకీకి తనే వైద్యుడు.

గురి చెడితే చాలామంది చేసే మొదటి పని స్కోపు మర తిప్పడం. ఐరోపా స్కోపుల్లో సాధారణంగా ఒక్కో క్లిక్‌కి 100 మీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు కదులుతుంది. 10 సెంటీమీటర్లు తప్పిందా, పది క్లిక్కులు తిప్పితే సరి! నా దృష్టిలో ఇంతకంటే చెడ్డ పని లేదు. కాలి కింద ఇరుక్కున్న మట్టిని స్కోపు లెక్కల్లోకి ఎక్కించుకున్నట్టు. రేపు మౌంటు శుభ్రంగా తుడిచి పెడితే గురి ఇంకోవైపు 10 సెంటీమీటర్లు తప్పుతుంది.

ముందు కాగితం మీద చిల్లుల్ని చదవాలి. ఒకే పెట్టెలోని తూటాలు, తుపాకీని బస్తా మీద ఆనించి, మూడేసి చొప్పున. చిల్లులన్నీ ఒకేచోట దగ్గరగా పడ్డాయి గానీ ఆ చోటు వేరు అంటే, ఏదో గట్టిగానే ఉంది కానీ తప్పుగా కూర్చుంది: మౌంటు కింద ధూళి, బ్యారెల్ సరిగ్గా దిగకపోవడం, లేదా తూటా రకం మారడం. చిల్లులు చెల్లాచెదురుగా ఉంటే ఏదో వదులైంది: మౌంటు స్క్రూలు, బ్యారెల్ నట్లు, ఒక్కోసారి స్కోపు లోపలి భాగాలే. మొదటి తూటా ఒక్కటే దారి తప్పి మిగతావి సరిగ్గా పడితే, శుభ్రం చేసినప్పుడు బ్యారెల్లో మిగిలిన నూనె కావచ్చు. బ్యారెల్ వేడెక్కే కొద్దీ చిల్లులు ఒక వైపుకి నడుస్తుంటే, బ్యారెల్ ఎక్కడైనా కొయ్యకి తగులుతోందేమో చూడాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు మారిస్తే బాగుపడ్డా ఎందుకు బాగుపడిందో తెలీదు.

ఇక్కడే బ్యారెల్ మారే తుపాకీ ఒక మేలు చేస్తుంది. రెండో బ్యారెల్‌ని దాని స్కోపుతో సహా అదే తుపాకీకి పెట్టి కాల్చండి. గురి బాగుంటే కొయ్య, బోల్టు, కాల్చేవాడి భుజం దాదాపు నిర్దోషులు. తప్పు మొదటి బ్యారెల్‌లోనో, దాని మౌంటులోనో, స్కోపులోనో, తూటాల్లోనో ఉంది. అప్పుడు నమ్మకమైన స్కోపు ఒకటి తెచ్చి ఆ బ్యారెల్‌కి పెడితే జాబితా ఇంకా చిన్నదవుతుంది. జూల్ పనివాడికి ఈ సౌకర్యం లేదు. అతని ముందు ఒకటే తుపాకీ, ఒకటే బ్యారెల్ ఉండేవి.

ఇంత రభస దేనికి అని తుపాకీ ఎప్పుడూ ముట్టని మనకి అనిపించొచ్చు. మన దేశంలో 1972 చట్టం తర్వాత వేట దాదాపు ముగిసిన కథే. కానీ గురి తప్పిన తూటా ఏం చేయగలదో చెప్పే కథ కూడా ఇక్కడిదే. 1907లో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి, ఆయన రాసిన ప్రకారం, 436 మందిని పొట్టనపెట్టుకుంది. చంపాక చూస్తే కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. ఎప్పుడో తగిలిన పాత తుపాకీ దెబ్బ అది. మామూలు వేట చేతకాకే అది మనుషుల మీద పడిందని కార్బెట్ నిర్ధారణ. ఆ తూటా ఎవరు కాల్చారో, ఏ తుపాకీతోనో దాని దవడ మీద రాసి లేదు.

బ్యారెల్ మార్చినా సున్నా చెక్కుచెదరదన్నది ఈ తుపాకులు అమ్మేవాళ్ల హామీ. అయినా వేటకి వెళ్లేముందు కాగితం మీద ఒక తూటా ఖర్చుపెట్టి చూసుకోవడం జర్మన్ వేటగాళ్లలో ఆనవాయితీ. దాన్ని వాళ్లు కొంట్రోల్‌షుస్ అంటారు, పరీక్ష తూటా అని.